లెక్కల మాస్టారు వేసవిలో ఫ్యాక్టరీకి వెళ్తే క్లాసులో ఏం మారుతుంది?

"ఒక మిలటరీ బస్సులో 36 మంది సైనికులు పడతారు. 1128 మందిని శిక్షణ శిబిరానికి తీసుకెళ్లాలంటే ఎన్ని బస్సులు కావాలి?"

1980ల మొదట్లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన లెక్క ఇది. నూటికి 70 మంది భాగహారం తప్పు లేకుండా చేశారు. కానీ 32 బస్సులు అని సరైన జవాబు రాసినవాళ్లు 23 శాతమే. 29 శాతం మంది "31, శేషం 12" అని రాశారు, ఇంకో 18 శాతం మంది ఆ శేషాన్ని వదిలేసి 31 దగ్గర ఆగిపోయారు. 31 బస్సులే వస్తే 12 మంది రోడ్డు మీద మిగిలిపోతారన్న సంగతి వాళ్లకు తట్టలేదు. తెలివి లేక కాదు. లెక్కల పుస్తకంలో బస్సు అంటే నిజం బస్సు కాదు, భాగహారం చేయించడానికి పెట్టిన పేరు మాత్రమే అని అప్పటికే బడి వాళ్లకు నేర్పేసింది.

ఈ పరిస్థితిని మార్చాలని అమెరికాలో నలభై ఏళ్లుగా నడుస్తున్న ప్రయత్నాల్లో టీచర్ ఎక్స్‌టర్న్‌షిప్ ఒకటి. లెక్కలు చెప్పే టీచరు వేసవి సెలవుల్లో ఒక ఫ్యాక్టరీలోనో, ఆసుపత్రిలోనో, మంచినీటి ప్లాంటులోనో కొన్ని వారాలు పని చేసి, అక్కడ నేర్చుకున్నదాన్ని క్లాసుకు తెస్తారు. మన దగ్గర కూడా సీబీఎస్‌ఈ 9, 10 తరగతుల ప్రశ్నపత్రాల్లో సగం మార్కులు సామర్థ్య ఆధారిత ప్రశ్నలకు కేటాయించాక, "నిజ జీవితానికి ముడిపెట్టి చెప్పండి" అని టీచర్లకు చెప్పడం బాగా ఎక్కువైంది. చెప్పడం తేలికే. పని జరిగే చోట లెక్క ఏ రూపంలో ఉంటుంది, అది క్లాసులోకి వచ్చేసరికి ఏమవుతుంది, దాని వల్ల పిల్లలకు నిజంగా లెక్కలు ఎక్కువ వస్తాయా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు, వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే గందరగోళమంతా.

## ఎక్స్‌టర్న్‌షిప్ అంటే ఏమిటి, ఏది కాదు

ఇంటర్న్‌షిప్ మనకు తెలిసిందే, ఆ ఉద్యోగంలోకి వెళ్లాలనుకునే విద్యార్థి ముందుగా చేసే పని. ఎక్స్‌టర్న్‌షిప్ చేసే టీచరుకు ఆ ఉద్యోగం అక్కర్లేదు, సెలవులు అయిపోగానే తన క్లాసుకు వెనక్కి వెళ్లిపోవాలి. ఒక్క పూట బస్సులో వెళ్లి, హెల్మెట్ పెట్టుకుని, యంత్రాల మధ్య తిరిగి, ఫొటో దిగి వచ్చే ఇండస్ట్రియల్ విజిట్ కూడా ఇది కాదు. టీచరుకు అక్కడ ఒక పని అప్పగిస్తారు, దానికి స్టైపెండ్ ఇస్తారు, చివర్లో ఆ అనుభవం నుంచి పాఠం తయారు చేయమంటారు.

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 1985లో ఇలాంటి సంస్థ ఒకటి మొదలైంది. సిలికాన్ వ్యాలీ కంపెనీల్లో సైన్స్, మ్యాథ్స్ టీచర్లకు వేసవి ఫెలోషిప్‌లు ఇప్పించేది. మొదట్లో ఐఐఎస్‌ఎంఈ అనేవాళ్లు, తర్వాత ఇగ్నైటెడ్ అని పేరు మార్చుకుంది. అయోవా రాష్ట్రంలో 2009 నుంచి ఉన్న కార్యక్రమంలో టీచర్లు ఆరు వారాలు స్థానిక కంపెనీల్లోనో, ప్రభుత్వ సంస్థల్లోనో పని చేస్తారు. అమెరికా కేంద్ర ప్రభుత్వం వృత్తి విద్యకు డబ్బిచ్చే పెర్కిన్స్ చట్టాన్ని 2018లో సవరించినప్పుడు, ఆ నిధులను టీచర్ల ఎక్స్‌టర్న్‌షిప్‌లకు కూడా వాడుకోవచ్చని రాశారు. దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది, యూనివర్సిటీ ల్యాబుల్లో టీచర్లు వేసవిలో పరిశోధన చేసే పద్ధతి. రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఫ్యాక్టరీలో తయారీ గడువు ఉంటుంది, ల్యాబులో తెలియని దాన్ని తెలుసుకోవాలన్న తాపత్రయం ఉంటుంది, అందుకే టీచరు వెంట తెచ్చుకునేవి కూడా వేరుగా ఉంటాయి.

## మెషిన్ షాపులో సైన్ 25° ఎలా ఉంటుంది

త్రికోణమితి అనగానే మనకు గుర్తొచ్చేది స్తంభమూ దాని నీడా, లైట్‌హౌసూ పడవా. ఇప్పుడు మెషిన్ షాపుకు వెళ్దాం. ఒక జాబ్ (అంటే తయారవుతున్న లోహపు ముక్క) మీద 25 డిగ్రీల వాలు కోశారు, అది సరిగ్గా 25 ఉందో లేదో చూడాలి. కాంపాస్ బాక్సులో కోణమాని ఇక్కడ ఆనదు. వాళ్లు సైన్ బార్ అనే పరికరం వాడతారు. అదొక ఉక్కు పట్టీ, దానికి రెండు చివర్లా ఒకే వ్యాసం ఉన్న రోలర్లుంటాయి, ఆ రోలర్ల కేంద్రాల మధ్య దూరం కచ్చితంగా తెలిసి ఉంటుంది, ఇక్కడ 200 మి.మీ. అనుకుందాం. ఒక రోలర్‌ను చదునైన సర్ఫేస్ ప్లేట్ మీద ఆనించి, రెండో రోలర్ కింద కొంత ఎత్తు పెడితే పట్టీ వాలుతుంది. ఇక్కడ కర్ణం 200, ఎదుటి భుజం మనం పెట్టే ఎత్తు. అంటే ఎత్తు = 200 × సైన్ 25° = 84.524 మి.మీ.

మరి మిల్లీమీటరులో వెయ్యో వంతు వరకు అంత ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది? స్లిప్ గేజ్‌లని అద్దంలా నున్నగా ఉండే ఉక్కు బిళ్లలుంటాయి, 87 బిళ్లల సెట్టు మామూలుగా దొరుకుతుంది. 84.524 కావాలంటే వాటిని చివరి అంకె నుంచి ఏరుకుంటూ వస్తారు. ముందు ఆ 4ను వదిలించుకోవాలి కాబట్టి 1.004 బిళ్ల తీస్తే 83.520 మిగులుతుంది, తర్వాత 1.02 తీస్తే 82.5, తర్వాత 2.5 తీస్తే 80, అది ఒక్క బిళ్ల. నాలుగు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎత్తు తయారు. సైన్ బార్ మీద జాబ్ పెట్టి, వాలు ముఖం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి డయల్ గేజ్ జరిపితే ముల్లు కదలకూడదు. కదిలిందంటే కోణం తేడా ఉన్నట్టే.

ఇంతవరకు ఏ పుస్తకమైనా చెప్పగలదు. అక్కడ కొన్నాళ్లు పని చేసిన టీచరుకు ఇంకో సంగతి తెలుస్తుంది, 45 డిగ్రీలు దాటితే సైన్ బార్ వాడరని. ఎందుకు వాడరు? పదో తరగతి పిల్లలు సైన్ పట్టికతోనే ఇది తేల్చగలరు. 25 నుంచి 26 డిగ్రీలకు మారాలంటే ఎత్తు 3.15 మి.మీ. పెరగాలి. అదే 75 నుంచి 76కు మారాలంటే 0.87 మి.మీ. చాలు. అంటే పెద్ద కోణాల దగ్గర ఎత్తులో ఇసుమంత తప్పు జరిగినా కోణంలో తప్పు మూడున్నర రెట్లు ఎక్కువ పడుతుంది. సైన్ వక్రరేఖ 90 దగ్గరకొచ్చేసరికి చదునైపోతుందని ఇంటర్‌లో అవకలనం దగ్గర చెప్తాం కదా, ఆ చదును వల్ల ఇక్కడ కొలత చెడిపోతుంది. నా దృష్టిలో ఎక్స్‌టర్న్‌షిప్ ఇవ్వగలిగిన గొప్ప సంగతి ఇలాంటిదే. సూత్రం ఎక్కడ వాడతారో పుస్తకాల్లో వెతికినా దొరుకుతుంది, ఎక్కడ వాడటం మానేస్తారో మాత్రం పని చేసేవాళ్ల దగ్గరే తెలుస్తుంది.

## లెక్క చేస్తూనే లెక్క చేయట్లేదనే మనుషులు

టీచరు వెళ్లి "మీరు ఇక్కడ ఏ గణితం వాడతారు?" అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు "ఏమీ వాడం". అబద్ధం కాదు, వాళ్లకు అలాగే అనిపిస్తుంది.

సీలియా హోయిల్స్, రిచర్డ్ నాస్, వాళ్ల సహచరుడు కలిసి ఇంగ్లండ్‌లో నర్సులు మందుల మోతాదు ఎలా లెక్క కడతారో దగ్గరుండి చూసి 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. నర్సింగ్ చదువులో నేర్పే సూత్రం ఇది: కావాల్సింది ÷ ఉన్నది × ఎంత ద్రవంలో ఉందో అది. అమికాసిన్ అనే యాంటీబయాటిక్ 2 మి.లీ.లో 100 మి.గ్రా. ఉండేలా వస్తుందనుకోండి, బిడ్డకు 120 మి.గ్రా. ఇవ్వాలి. సూత్రం ప్రకారం 120 ÷ 100 × 2 = 2.4 మి.లీ. వార్డులో నర్సులు ఇలా చేయట్లేదు. అమికాసిన్‌కి మోతాదును రెట్టింపు చేసి, దశాంశ బిందువు సర్దుతారు, 240 కాస్తా 2.4 అవుతుంది. ఒక్కో మందుకు ఒక్కో లెక్క, ఆ మందు సీసాతో కలిసి గుర్తుండిపోయిన లెక్క. చూసినంతలో తప్పు పోవట్లేదు కూడా.

దీన్ని చూసిన టీచరుకు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, "చూశారా, సూత్రంతో పని లేదు" అనుకోవడం. రెండోది, ఆ రెట్టింపు చిట్కా ఎందుకు పని చేస్తుందో, కంపెనీ మారి 2 మి.లీ.లో 500 మి.గ్రా. ఉన్న సీసా వస్తే ఎందుకు ప్రమాదమో క్లాసులో విప్పి చెప్పడం. నిష్పత్తి పాఠానికి రెండోది ఎంత బలమో వేరే చెప్పక్కర్లేదు.

సంభావ్యత విషయంలో కూడా ఇంతే. క్లాసులో పాచికలు, పేకముక్కలు. క్వాలిటీ విభాగంలో 1000 పీసుల లాట్ వస్తుంది, అందులోంచి 50 తీసి చూస్తారు, ఒక్క చెడ్డ పీసు కూడా దొరకలేదు, లాట్ పాస్ చేయాలా? ఒకవేళ నిజంగా నూటికి 2 చెడ్డవి ఉన్నాయనుకుందాం. ఒక పీసు బాగుండే అవకాశం 0.98, 50కి 50 బాగుండే అవకాశం 0.98ని 50 సార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 0.36. అంటే 20 చెడ్డ పీసులున్న లాట్ కూడా మూడింట ఒకసారికి పైగా శుభ్రంగా కనిపిస్తుంది. 50 బదులు 100 తీస్తే ఆ అవకాశం 13 శాతానికి తగ్గుతుంది, కానీ చెక్ చేసే ఖర్చు రెట్టింపవుతుంది. ఎన్ని తీయాలన్నది గణితం ఒక్కటే చెప్పదు, చెడ్డ పీసు బయటికి పోతే ఎంత నష్టమో కూడా తెలియాలి. ఒక బొమ్మ చక్రానికీ బ్రేకు పార్టుకూ ఒకే జవాబు ఉండదు.

## ఫ్యాక్టరీ పేరు పెట్టినంత మాత్రాన పాఠం మారదు

ఇక్కడే చాలా ఎక్స్‌టర్న్‌షిప్‌లు జారిపోతాయి. ఆరు వారాలు పని చేసి వచ్చిన టీచరు పాత లెక్కలోనే రాము పుచ్చకాయల బదులు కంపెనీ బేరింగులు పెట్టేస్తే పిల్లలకు అది ఇంకో బస్సు లెక్కే.

తేడా చూడటానికి ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు తీసుకుందాం. పుస్తకం పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది: "60,000 లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మి.గ్రా. చొప్పున క్లోరిన్ కలపాలి. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ ఎంత కావాలి?" జవాబు: 1,20,000 మి.గ్రా., అంటే 120 గ్రాముల క్లోరిన్, దానికి 480 గ్రాముల పౌడర్. లెక్క మంచిదే, నిష్పత్తీ ప్రమాణాల మార్పూ రెండూ వస్తాయి.

నీళ్లు వదిలే మనిషి దగ్గర కొన్నాళ్లు నిలబడి చూస్తే ఇదే లెక్క ఇంకోలా కనిపిస్తుంది. ట్యాంకు నిండా ఉందా, సగమే ఉందా? బస్తా విప్పి ఎన్నాళ్లయింది? చెమ్మ తగిలితే పౌడర్ బలం తగ్గుతుంది, 25 శాతం కాస్తా 20కి పడితే 480 గ్రాములు చాలవు, 600 కావాలి. వానాకాలంలో నీళ్లలో మురికి ఎక్కువైతే వేసిన క్లోరిన్‌లో కొంత దానికే ఖర్చయిపోతుంది. చివరికి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెప్తుంది, కాబట్టి అక్కడ పరీక్షించి చూసి, రేపటి మోతాదు సర్దుతారు. పుస్తకంలో ముందే ఇచ్చేసిన అంకెలన్నీ ఇక్కడ ఎవరో ఒకరు తెలుసుకోవాల్సినవే. ఏది కొలవాలి, ఏది వదిలేయవచ్చు, ఎంత తప్పు పర్వాలేదు అన్న మూడు నిర్ణయాలూ లెక్కకు ముందే జరుగుతాయి, వచ్చిన జవాబును నమ్మాలా వద్దా అన్నది తర్వాత. మామూలు క్లాసులో మనం మధ్యలో ముక్క ఒక్కటే నేర్పుతాం.

అయితే ఇబ్బంది కూడా ఇక్కడే. ఈ రెండో రకం లెక్కకు రెండు పీరియడ్లు పడుతుంది, జవాబు ఒక్కటే ఉండదు, మార్కులు వేయడం కష్టం. సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్‌లో ఉన్న టీచరు మొదటి రకానికే వెళ్తే తప్పు పట్టడం న్యాయం కాదు.

## "నిజ జీవితం" ఎప్పుడూ మేలేనా?

కాదనేవాళ్లున్నారు, వాళ్ల వాదన గట్టిదే. 2008లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన జెనిఫర్ కమిన్‌స్కీ బృందం సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించింది. ఒకే గణిత నియమాన్ని కొందరు విద్యార్థులకు కొలపాత్రల్లో ద్రవం, పిజ్జా ముక్కల్లాంటి ఉదాహరణలతో నేర్పారు, మరికొందరికి ఏ అర్థమూ లేని గుర్తులతో నేర్పారు. తర్వాత ఇద్దరికీ ఒక కొత్త ఆట ఇచ్చి అందులో ఆ నియమం వాడమంటే, గుర్తులతో నేర్చుకున్నవాళ్లు బాగా చేశారు. ఉదాహరణలతో నేర్చుకున్నవాళ్ల బుర్ర పిజ్జా దగ్గరే ఆగిపోయిందన్నది వాళ్ల వివరణ. దీనికి 2011లో బెల్జియం పరిశోధకులు జవాబిచ్చారు: చివర్లో ఇచ్చిన ఆట కూడా గుర్తుల్లాంటిదే కదా, అందుకే గుర్తుల వాళ్లకు కలిసొచ్చింది, పరీక్షను కూడా మామూలు వస్తువుల మీద పెడితే వస్తువులతో నేర్చుకున్నవాళ్లే మెరుగ్గా చేస్తున్నారని చూపించారు.

ఎవరు రైట్? బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో బజార్లో అమ్ముకునే పిల్లల మీద 1985లో వచ్చిన పరిశోధన ఇక్కడ సాయపడుతుంది. ఒక కొబ్బరికాయ 35 అయితే 10 ఎంత అని అడిగితే, 12 ఏళ్ల పిల్లాడు మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకో మూడు కలిపితే 315, ఇంకొకటి కలిపితే 350 అని చెప్పాడు. పదితో గుణించాలంటే సున్నా చేర్చాలన్న బడి చిట్కా అతనికి అక్కర్లేకపోయింది. బజార్లో ఈ పిల్లలు 98 శాతం జవాబులు సరిగ్గా చెప్పారు, అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతమే. 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పని చేసే పిల్లల గురించి ఇలాంటిదే రాశారు. చిక్కు లెక్కలు నోటితో ఇట్టే కట్టే పిల్లలు బడి తరహా లెక్కల్లో తడబడ్డారు, బడిలో చదివే పిల్లలు బజారు లెక్కల్లో తడబడ్డారు. ఒక చోట వచ్చిన లెక్క రెండో చోటికి దానంతటది నడిచి రాదు, ఏ దిక్కు నుంచీ రాదు.

అందుకే సైన్ బార్ కథ చెప్పి ఆపేసే పాఠం, సైన్ నిర్వచనం చెప్పి ఆపేసే పాఠం రెండూ సగమే అని నేను అనుకుంటాను. పిల్లలు ఆ ఉక్కు పట్టీలో లంబకోణ త్రిభుజాన్ని చూడాలి, తర్వాత పట్టీని తీసేసి త్రిభుజాన్నే చూడాలి, ఆ త్రిభుజాన్ని వీల్‌చెయిర్ ర్యాంపులో మళ్లీ గుర్తుపట్టాలి. ఈ రాకపోకలు చేయించేది టీచరే. వెళ్లి వచ్చిన చోటు మీద మోజు ఎక్కువైతే రెండో అడుగు మర్చిపోయే ప్రమాదం ఉంది.

## ఫలితం ఉందని ఎలా తెలుస్తుంది

ఎక్స్‌టర్న్‌షిప్ నుంచి వచ్చిన టీచర్లను అడిగితే చాలా బాగుందంటారు. దాన్ని రుజువుగా తీసుకోలేం, ఎందుకంటే సెలవులు వదులుకుని దరఖాస్తు పెట్టేవాళ్లు ముందే ఉత్సాహం ఉన్నవాళ్లు, వెళ్లకపోయినా వాళ్ల క్లాసు బాగానే ఉండేదేమో. పిల్లల మార్కుల దాకా వెళ్లి చూసిన వాటిలో బాగా తెలిసినది కొలంబియా యూనివర్సిటీ వేసవి పరిశోధన కార్యక్రమం గురించి 2009లో సైన్స్ పత్రికలో వచ్చింది. న్యూయార్క్ సైన్స్ టీచర్లు రెండు వేసవులు ల్యాబుల్లో పని చేశారు. కార్యక్రమంలో చేరడానికి ముందు ఏడాది వాళ్ల విద్యార్థుల ఉత్తీర్ణతలో, మిగతా టీచర్ల విద్యార్థులతో పోలిస్తే, తేడా లేదు. చేరాక మూడు, నాలుగు ఏళ్లకు వచ్చేసరికి అదే బడుల్లోని మిగతా టీచర్ల విద్యార్థుల కన్నా సుమారు 10 శాతం మెరుగయింది. ఇది సైన్స్ గురించి, లెక్కల గురించి కాదు, కంపెనీల గురించి కూడా కాదు, కాబట్టి ఎంతవరకు ఇటు తేవచ్చో జాగ్రత్తగా చూడాలి. అయినా రెండు సంగతులు గమనించదగ్గవి: అదొక వారం పని కాదు, ఫలితం వెంటనే రాలేదు.

ఇంకో అభ్యంతరం డబ్బు వైపు నుంచి వస్తుంది. కంపెనీ తన టైమూ డబ్బూ ఎందుకు పెడుతుంది? రేపటి పనివాళ్లు కావాలి కనుక. అందులో దాపరికం ఏమీ లేదు, అమెరికాలో ఈ కార్యక్రమాలను నడిపేవాళ్లే ఆ మాట బాహాటంగా చెప్తారు. కాకపోతే ఊళ్లో ఉన్న ఒకే ఒక పెద్ద కంపెనీకి ఏ గణితం కావాలో అదే "నిజ జీవిత గణితం" అయిపోతే, ప్రధాన సంఖ్యలకూ జ్యామితి రుజువులకూ చోటెక్కడ అని అడిగేవాళ్ల మాట కొట్టిపారేయలేం. పని దొరకడానికి పనికొచ్చేది మాత్రమే లెక్కలంటే, లెక్కల్లో ఉన్న ఆనందం సగం పోయినట్టే. అదే సమయంలో పెద్ద కంపెనీలు దగ్గర్లో లేని పల్లె బడి టీచరుకు ఈ అవకాశమే రాదు, అది ఇంకో అన్యాయం.

## మన దగ్గర దీనికి ఏది దగ్గర

2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర గడపాలని ఉంది. అది పిల్లల కోసం. టీచర్ల విషయానికొస్తే ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ తీసుకోవాలని అదే విధానం చెప్తుంది. అయోవా తరహాలో ఆరు వారాలు, వారానికి 40 గంటలు అంటే 240 గంటలు. మన 50 గంటలు ఐదారు వారాలకు కాదు, ఆరు పని దినాలకు సరిపోతాయి. అందులోనూ వేసవిలో మన టీచర్లకు పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ ఉంటుంది, అప్పుడప్పుడు ఎన్నికలు, జనగణన డ్యూటీలు ఉంటాయి. స్టైపెండ్ లేకుండా ఎవరు వెళ్తారన్నది న్యాయమైన ప్రశ్నే.

కానీ దీనికి పెద్ద కంపెనీయే కావాలని లేదు. చాలా పట్టణాల్లో ఐటీఐ ఉంది. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ ట్రేడుల్లో సైన్ బార్, స్లిప్ గేజ్‌లు సిలబస్‌లోనే ఉంటాయి, వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ అని విడిగా ఒక సబ్జెక్టు కూడా ఉంది. హైస్కూల్ లెక్కల టీచరూ, అక్కడికి రెండు వీధుల అవతల ఐటీఐలో పని చేసే ఇన్‌స్ట్రక్టరూ ఒకే సైన్ పట్టికను రెండు వేర్వేరు గుంపుల పిల్లలకు చెప్తున్నారు. పైగా ఐటీఐలో చేరే పిల్లల్లో ఎక్కువమంది నిన్నటిదాకా ఆ హైస్కూల్ లాంటి బళ్లలో చదివినవాళ్లే. ఆరు రోజుల్లో సైన్ బార్, టేపర్ (క్రమంగా సన్నబడే వాలు), టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా పర్వాలేదో ఆ హద్దు) మూడూ చూసి రావచ్చు. మంచినీటి పథకం, పాల శీతల కేంద్రం, కరెంటు సబ్‌స్టేషన్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇప్పుడున్న 50 గంటల్లో ఇలాంటి రోజులను శిక్షణగా లెక్కగడతారా లేదా అన్నది ఆయా రాష్ట్రాల విద్యాశాఖ తేల్చాల్సిన విషయం.